మిగతా నూట నలభై ఎనిమిది

"వంటింట్లోకి అడుగుపెడితే చాలు, గుడ్డివాణ్ణయిపోతున్నానోయ్," అంటూ అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతుంటే ఆ ఆవిరికి అద్దాలు క్షణంలో తెల్లబడిపోయేవి. ఆమెకి అది చూస్తే ఎంత నవ్వొచ్చేదో. పెళ్ళయి నాలుగు నెలలు. అతను చెయ్యి ఊపినా నవ్వే, తుమ్మినా నవ్వే. చూపుడువేలితో అతని కుడి అద్దం మీద రెండు చుక్కలూ ఒక గీతా పెట్టి నవ్వుముఖం గీసేది. "ఇప్పుడు కనబడుతోందా?" అని అడిగేది. "ఆఁ, కనబడుతోంది. సీసాలమ్మ కనబడుతోంది," అంటూ అతను ఆ నవ్వుముఖంతోనే గోడ తడుముకుంటూ హాల్లోకి పారిపోయేవాడు. ఆమె గరిటె పట్టుకుని అక్కడే నిలబడి నవ్వుకునేది. అతను వెళ్ళిపోగలడు, తను వెళ్ళలేదు అన్న సంగతి అప్పట్లో ఆమెకి తట్టలేదు. ప్రేమలో ఉన్నవాళ్ళకి తట్టే విషయాలు వేరు.

సీసాలమ్మ అన్నది అతను పెట్టిన ముద్దుపేరు. ఆమె నీటిశుద్ధి కేంద్రం లాబ్‌లో కెమిస్టు, చేరి ఎనిమిది నెలలు. అతను లిఫ్టుల మెకానిక్. "రోజంతా పైకీ కిందకీ తిరుగుతాను, ఎక్కడికీ పోను," అని తన ఉద్యోగం గురించి తనే జోకు వేసుకుంటాడు.

ఆ ఇంట్లో కాచని నీళ్ళతో ఎవరి గొంతూ తడవదు. అది మామయ్య చట్టం. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. తొమ్మిదేళ్ళ వయసులో, తన పక్కనే పడుకున్న తమ్ముడు మురికినీళ్ళు తాగి వాంతులతో రెండు రోజుల్లో పోవడం కళ్ళారా చూసినవాడు. అందుకే ఆయన్ని తప్పుపట్టడానికి ఆమెకి మనసు రాలేదు, ఇప్పటికీ రాదు. "పది నిమిషాలు గలగలా మరగాలమ్మాయ్. గిన్నె కాదు, గడియారం చూడు," అని మొదటిరోజే పాఠం చెప్పారు. తాగడానికి ఒక గిన్నె. స్నానాలకి ఇంకా పెద్దది, ఎందుకంటే గీజరు నీళ్ళు ఆయన ఒంటికి పడవు. ఆయనకి పడనివి ఇంట్లో ఎవరికీ పడవు. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఇంకో గంటన్నర, రెండు పొయ్యిలూ ఆరవు.

వంటిల్లు రైలుపెట్టెలో నడిచే దారిలా సన్నగా ఉంటుంది. దానికి ఒకే ఒక్క కిటికీ, అదీ తెరుచుకోదు. "గాలికి మంట ఊగుతోందనీ, నీళ్ళు మరగడానికి గంట పడుతోందనీ మీ మామయ్య లప్పం పెట్టించి, పైన రంగు వేయించేశారు. ఎప్పటి మాటో," అంది అత్తయ్య. కిటికీ రెక్కా చట్రమూ ఒకే ముక్క అయిపోయాయి. కింద కుడిమూలలో మాత్రం రంగు లేచిపోయి, జానెడు పొడుగున గీతలు గీతలుగా లప్పం బయటపడి ఉంది. ఎలుకేమో అనుకుందామె.

మొదట్లో ఆమెకి ఆ పని కూడా ముద్దుగానే ఉండేది. నీళ్ళు మొదట ఈల వేస్తాయి, తర్వాత గొణుగుతాయి, చివరికి నలుగురు ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుకున్నట్టు మాట్లాడతాయి. చప్పుడుని బట్టి ఎన్నో నిమిషమో చెప్పేయడం నేర్చుకుంది. అతనికి ఫోన్‌లో ఆ చప్పుడు వినిపించి, "ఎన్నో నిమిషమో చెప్పుకో?" అని ఆడించేది. పంచదార డబ్బాలో ఒక వంకర చెంచా ఉండేది. కొస మడతపడి, కాడ మెలితిరిగి, టీలో పంచదార వేస్తే సగం బయటే పోసేది. ఆమెకి దాని మీద కూడా ప్రేమే.

"దీన్నెవరు అత్తయ్యా ఇలా వంచారు?"

"ఇంకెవరు, పెద్దది. దాని చేతిలో ఏదీ నిలవలేదులే."

పెద్దది అంటే పెద్దకోడలు, ఆమెకి తోడికోడలు. తొమ్మిదేళ్ళు ఈ ఇంట్లో ఉండి, రెండేళ్ళ కిందట భర్తతో వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆ తొమ్మిదేళ్ళలో మూడుసార్లు కడుపొచ్చింది, మూడుసార్లూ పోయింది. ఇంట్లో ఆ విషయం ఎవరూ నేరుగా మాట్లాడరు. కానీ అన్నం వడ్డిస్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో మాటల మధ్య రాయిలా తగులుతుంది. 'దాని ఒంట్లోనే వేడి.' 'కాలు ఒకచోట నిలవనిదానికి కడుపేం నిలుస్తుంది.' 'నీళ్ళగిన్నె దింపడానికి కూడా పదిసార్లు ఆగేది, తలనొప్పనీ కళ్ళు మంటలనీ వంకలు.' పెళ్ళిలో ఒక్కసారే చూసిందామెని. ఫోటోల హడావిడిలో చెయ్యి గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర, "వంటింట్లో ఎక్కువసేపు ఉండకు," అంది పెద్దకోడలు. కొత్త పెళ్ళికూతురికి సోమరితనం నేర్పే వేళాకోళం అనుకుని ఆమె పకపకా నవ్వింది. అవతలి మనిషి నవ్వలేదు.

పొయ్యి ముందు నేలమీది పలకలో రెండు చోట్ల నునుపు పోయి మచ్చలు పడ్డాయి. ఒక మనిషి తొమ్మిదేళ్ళు ఒకేచోట నిలబడితే పడే మచ్చలు. ఎంత పక్కకి జరిగినా, కాసేపటికి చూసుకుంటే, ఆమె పాదాలు సరిగ్గా ఆ రెండింటిలోనే ఉండేవి.

ఆ నెల తేదీ దాటి పది రోజులైంది. పరీక్ష పట్టీ మీద రెండు గీతలు తేలాయి. అతనికి చూపిస్తే ఆమెని ఎత్తుకుని, తల తలుపు పైకమ్మీకి కొట్టించి, "ఇవాళ లిఫ్టు లేకుండానే పైకి పోతున్నానోయ్!" అన్నాడు. తల బొప్పి కట్టినా ఆమె రోజంతా నవ్వుతూనే ఉంది. అత్తయ్య కూడా నవ్వింది, కానీ నవ్వు పెదవులు దాటలేదు. "మూడో నెల దాటేదాకా నోరు విప్పకు. పెద్దదీ మొదటిసారి ఇలాగే ఎగిరింది," అంది. ఆ సాయంత్రం పొయ్యి ముందు నిలబడితే ఆవిరిలో ఇంకెవరో పక్కన నిలబడి ఊపిరి పీలుస్తున్నట్టనిపించింది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మూతపడ్డ కిటికీ మీద నీటిచుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ జారుతున్నాయి.

లాబ్‌లో కొత్త యంత్రం వచ్చింది. నీళ్ళలో క్రిములు చావడానికి క్లోరిన్ వేస్తారు కదా, చెరువులో కుళ్ళిన ఆకులూ నాచూ ఉంటే ఆ క్లోరిన్ వాటితో కలిసి కొన్ని కొత్త పదార్థాల్ని పుట్టిస్తుంది. ట్రైహాలోమీథేన్లు అంటారు. వాటిని కొలిచే యంత్రం అది. వాటికోసం నీళ్ళు పట్టడమే ఒక విద్య. సీసా అంచుదాకా నింపాలి. మూత బిగించి తలకిందులు చేస్తే ఆవగింజంత బుడగ కూడా కనబడకూడదు. కాస్త ఖాళీ దొరికితే చాలు, ఆ పదార్థాలు నీళ్ళని వదిలేసి గాలిలోకి దూకేస్తాయి. బుడగ లేకుండా సీసా నింపడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. సీసాలు కడిగే పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళ సర్వీసు మనిషి, ఆవిడే ఒప్పుకుంది.

ఇన్‌చార్జి సారు మాత్రం నాలుగు కాగానే, "అమ్మాయ్, యంత్రం తర్వాత. నీ చేతి టీ ఏదీ?" అనేవాడు. ఆమెతోపాటే చేరిన కుర్ర కెమిస్టులు ఇద్దరి చేతులకీ టీ పెట్టే గుణం లేదు కాబోలు.

యంత్రం మీద చెయ్యి తిరగాలంటే రకరకాల నీళ్ళు కావాలి. రిజిస్టరులో ఏళ్ళ తరబడి అవే ఐదు కుళాయిలు. జీపు ఆగడానికి వీలైనవి, అన్నీ కేంద్రానికి కూతవేటు దూరంలోవే. వాటి అంకెలు ఎప్పుడూ బుద్ధిమంతుల్లా హద్దులోపలే ఉంటాయి. ఇంటి నీళ్ళు తెస్తానందామె. మామయ్యకి ఆ మాట చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "తీసుకెళ్ళు. కుళాయి నీళ్ళొక సీసా, నేను కాయించినవొక సీసా. తేడా ఏంటో నీ యంత్రమే చెప్తుంది!" నేను కాయించినవి అన్నారాయన. నిజమే, ఆయన కాయించినవే. కాచింది వేరేవాళ్ళు.

కుళాయి నీళ్ళలో లీటరుకి నూట అరవై రెండు మైక్రోగ్రాములు. గోడమీద రాసి ఉన్న హద్దు వంద. కాచి చల్లార్చిన నీళ్ళు పద్నాలుగు. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. వెంటనే అతనికి ఫోన్ చేసి, "మామయ్యే గెలిచారు! మన బల్లమీది నీళ్ళు ముత్యాల్లా ఉన్నాయి," అంది. "చెప్పానా, మా నాన్నంటే నాన్నే," అని అతను ఏ అంతస్తులోనో నవ్వాడు.

ఫోన్ పెట్టేసేసరికి పెద్దమ్మ తొట్టి దగ్గర సీసా కడుగుతూ ఆగిపోయి ఇటే చూస్తోంది.

"నూట అరవై రెండులో పద్నాలుగే మిగిలిందన్నావు కదమ్మా."

"అవును పెద్దమ్మా."

"మరి మిగతాది ఎక్కడికి పోయింది?"

ఆమె కాగితం మీది రెండు అంకెలూ మళ్ళీ చూసింది. యంత్రం వచ్చినప్పట్నుంచీ ఆవగింజంత బుడగ కూడా ఉండకూడదని అందరికీ పాఠాలు చెబుతున్నది తనే. ఖాళీ దొరికితే గాలిలోకి దూకుతుందని చెబుతున్నదీ తనే. లప్పం పెట్టిన కిటికీ, రైలుపెట్టె సందు, నేలమీద రెండు మచ్చలు కళ్ళముందుకొచ్చాయి. నూట నలభై ఎనిమిది. తాగేవాళ్ళకి శుభ్రమైన నీళ్ళు. కాచేవాళ్ళకి మిగతాది.

ఆ మధ్యాహ్నమంతా దొరికినవన్నీ చదివింది. ఏళ్ళ తరబడి తాగితే మూత్రాశయం కాన్సరుతో లంకె ఉండొచ్చని అనుమానం. చర్మంలోంచీ ఊపిరిలోంచీ కూడా ఒంట్లోకి వెళుతుంది, వేడినీళ్ళ దగ్గర మరీ. కడుపులో బిడ్డల సంగతి దగ్గరికొచ్చేసరికి కొందరు ఉందేమో అన్నారు, కొందరు కనబడలేదన్నారు. ఉందని తేల్చలేదు, లేదని కొట్టేయలేదు. ఆమెకి ఆ మధ్యలో నిలబడడమే భయంకరంగా ఉంది. దయ్యం ఉందని తెలిస్తే ఇల్లు మారతాం, లేదని తెలిస్తే నిద్రపోతాం. తలుపు చప్పుడైందో లేదో తెలియని ఇంట్లో ఏం చేస్తాం?

ఇన్‌చార్జి సారు కాగితం చూసి పెదవి విరిచాడు. "మీది పైపు చివరి వీధి. నీళ్ళు మూడు రోజులు పైపులో పడుకుని పడుకుని వస్తాయి, అంత ఉంటుంది మరి. క్లోరిన్ మానేస్తే ఊరంతా ఆసుపత్రిలో ఉంటుంది, అది తెలుసా?"

"క్లోరిన్ మానేయమనడం లేదు సార్. ఆకులు ముందే వడకట్టొచ్చు. పైపు చివర నీళ్ళు అప్పుడప్పుడూ వదిలేయొచ్చు. ముందు రిజిస్టరులో రాస్తే..."

"రిజిస్టరులో ఐదు కుళాయిలే. ఇంటి గొడవలు ఇంట్లో. కొత్తగా పెళ్ళైన అమ్మాయిలకి ప్రతిదీ అమృతమో విషమో, మధ్యలో ఏదీ కనబడదు." నవ్వి, ఖాళీ కప్పు ఆమె వైపు జరిపాడు.

కప్పు కడిగి బోర్లించి వచ్చేసరికి రిజిస్టరు బల్లమీద తెరిచే ఉంది. పెద్దమ్మ దాని పక్కన దుమ్ము తుడుస్తున్నట్టు నిలబడి, "పెన్ను నీ దగ్గరేగా ఉంది," అంది, ఎవరితోనో అన్నట్టు. ఐదో వరస కింద ఆమె ఆరో వరస రాసింది. పైపు చివరి ఇల్లు. నూట అరవై రెండు. సంతకం, తేదీ.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. మెల్లగా, లెక్కతో సహా. కిటికీ తెరిపిద్దాం అంది.

"ఆవిరిలో ఏముంటుందమ్మాయ్? స్వచ్ఛమైన నీళ్ళుంటాయి. ఎనిమిదో తరగతి పాఠం," అన్నారు మామయ్య అన్నం కలుపుకుంటూ. "పాతికేళ్ళుగా కాస్తున్నాం ఈ ఇంట్లో. ఎవరికేమైంది?"

ఆ మాట బల్ల మధ్యలో పడింది. అత్తయ్య చేతిలో గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. అతను కంచంలోకి చూశాడు. వంటింటి వైపు ఎవరూ చూడలేదు. అందరికీ తెలిసిన ఒక మనిషి ఆ గుమ్మంలో నిలబడి సమాధానం కోసం చూస్తున్నట్టు, తలెత్తితే చూపు కలుస్తుందని భయపడుతున్నట్టు, నలుగురూ తలలు వంచుకునే తిన్నారు.

తర్వాత గదిలో అతను ఆమె జుట్టు నిమురుతూ, "నాన్నతో వాదించకు, ఇప్పుడు నీ ఒంటికి మంచిది కాదు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తాలే. వచ్చే నెల," అన్నాడు. ఆ చెయ్యి ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. ఆమెకి అతని మీద ప్రేమ తగ్గలేదు, అదే కష్టంగా ఉంది. పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ నవ్వొస్తుంది అతన్ని చూస్తే. కానీ ఐదున్నరకి?

మర్నాడు ఆదివారం. పెళ్ళికి ఎవరో ఇచ్చిన కరెంటు పొయ్యి అట్టపెట్టెలోనే ఉంటే విప్పింది. హాల్లో, మామయ్య పేపరు చదివే కుర్చీ పక్కన, టీపాయ్ మీద పెట్టింది. పెద్దగిన్నె సగం నింపి తెచ్చింది, తక్కినవి చెంబుతో మోసి పోసింది. దుమ్ము పడుతుందని హాలు కిటికీలు కూడా ఆ ఇంట్లో మూసే ఉంటాయి.

"ఇదేంటమ్మా ఇక్కడ?" అన్నారాయన.

"నీళ్ళు మామయ్యా. పది నిమిషాలు మరగాలి కదా."

"వంటిల్లుండగా?"

"ఆవిరిలో ఏమీ లేదన్నారు కదా మామయ్యా. మరి ఎక్కడైతేనేం? ఇక్కడైతే మీతో కబుర్లు చెబుతూ కాచుకుంటాను." వేళాకోళంగానే అంది. గొంతు మాత్రం వేళాకోళంగా రాలేదు.

ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అతను స్నానానికని తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. అత్తయ్య వంటింటి తలుపు దగ్గర గోడకి ఆనుకుంది. నీళ్ళు ఈల వేశాయి, గొణిగాయి, మాట్లాడడం మొదలుపెట్టాయి. ఆమె గడియారం వైపు చూస్తూ చేతులు కట్టుకుని నిలబడింది. ఒక నిమిషం. రెండు. పేపరు అంచులు మెత్తబడి వంగాయి. గుమ్మంలో అతని అద్దాలు తెల్లబడ్డాయి. ఈసారి పారిపోవడానికి హాలు లేదు, ఇదే హాలు. అద్దాలు తీసి చేత్తో పట్టుకుని, తడిగా, చిన్నపిల్లాడిలా ఆమె వైపు చూశాడు. మూడు. మామయ్య ఒకసారి దగ్గారు. నాలుగో నిమిషం సగంలో పేపరు మడిచి పెట్టి లేచి, కిటికీ దగ్గరికి నడిచి, గడియ లాగి రెండు రెక్కలూ బార్లా తెరిచారు.



"గాలాడటంలేదు," అన్నారాయన, బయటికే చూస్తూ.

"అవును మామయ్యా. ఆడదు."

అత్తయ్య పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో ఏమో తెలియలేదు. "పది నిమిషాలయ్యాక పొయ్యి కట్టేయండి," అని అతనితో చెప్పి ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అతను సరేనన్నట్టు గిన్నె పక్కన నిలబడ్డాడు, అద్దాలు పెట్టుకోకుండానే.

వంటిల్లు మొదటిసారి పొడిగా ఉంది. అతని ఫోన్‌లోంచి ఎక్కించుకున్న నంబరు నొక్కింది. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. తప్పు నీది కాదు అని చెప్పడానికి తన దగ్గర రుజువు లేదు. రెండు అంకెలున్నాయి, అంతే.

"అక్కా, నేను. చిన్నకోడల్ని."

"ఏమైంది?" అంది అవతలి గొంతు వెంటనే. ఆ ఇంటినుంచి ఫోనంటే ఏదో అవ్వాలి మరి.

చెప్పింది. కుళాయిలో ఎంత, గిన్నెలో ఎంత, మిగతాది ఎక్కడికి పోతోందో. అవతల ఎక్కడో బిందె నిండుతున్న చప్పుడు.

"దానివల్లేనంటావా?" అంది పెద్దకోడలు చివరికి.

"తెలీదక్కా. ఎవరికీ తెలీదు. కాదని కూడా ఎవరికీ తెలీదు."

అవతల బిందె మీద కుళాయి కట్టేసిన చప్పుడైంది. తర్వాత, "ఫ్యాను వచ్చే నెల పెట్టిస్తానన్నాడా?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళలోంచి నీళ్ళూ వచ్చాయి. "అన్నాడక్కా."

"మీ బావగారు కూడా తొమ్మిదేళ్ళు అదే నెల చెప్పారు." ఆ గొంతులో కోపం లేదు, బరువేదో దించుతున్నట్టుంది. "నీకిప్పుడు ఎన్నో నెల?"

ఆమె చెప్పలేదే. ఎవరూ చెప్పి ఉండరే. "రెండు," అంది.

"పంచదార డబ్బాలో చెంచా ఉందా ఇంకా?"

ఆమె డబ్బా తీసింది. మెలితిరిగిన కాడ, మడతపడిన కొస. అప్పటికి అర్థమైంది, అది ఎలుక కాదని. చెంచా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. రంగు మీద కొస ఎక్కడ పెట్టాలో తెలియక ఆగింది.

"కింద కుడిమూల చూడు," అంది ఫోన్‌లో గొంతు. "జానెడు నేను ఊడదీశాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టు."